పొత్తు షెడ్డు

మొక్కలకి అంట్లు కట్టే అంట్ల తాత పెద్దకార్యానికి ఊరెళ్ళాను. భోజనాలు వాళ్ళింటి ముందున్న ఖాళీ స్థలంలో పెట్టారు. షామియానా లేదు. మా వైపు ఇప్పుడు శుభానికైనా అశుభానికైనా షామియానా అద్దెకి తేవడం తగ్గిపోయింది. నర్సరీలో వాడే పచ్చ నెట్టునే సరుగుడు గుంజల మీద లాగి కట్టేస్తున్నారు. కింద కూర్చున్న వాళ్ళ మొహాలన్నీ లేత పచ్చగా ఉన్నాయి, విస్తట్లో అన్నం కూడా పచ్చగానే కనిపిస్తోంది. మిట్టమధ్యాహ్నం ఎండకి నెట్టు వేడెక్కి వాసన మొదలైంది. పెద్దమ్మ రెండుసార్లు "ఏమే, పులుసు వెయ్యమంటావా?" అని అడిగిందట, నాకు వినపడలేదు.

ఎండకి కాగిన ప్లాస్టిక్కు, తడి కొబ్బరిపీచు, పక్కన గుట్టపోసిన మాగిన పశువుల గెత్తం, ఎక్కడో కుళ్ళుతున్న అరటినార. విడివిడిగా ఒక్కటీ బాగుండదు. అన్నీ కలిసి ముక్కుకి తగిలితే మాత్రం నాకది మా పొత్తు షెడ్డు వాసన. ఆ షెడ్డు లేక ఇరవయ్యేళ్ళు దాటింది. అది ఉన్న చోట ఇప్పుడు లారీలు పోతున్నాయి.

* * *

మాది కడియం మండలంలో, కడియపులంక పక్కనే ఒక చిన్న ఊరు. రాజమండ్రి నుంచి రావులపాలెం వైపు హైవే మీద వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు, రోడ్డుకి రెండు పక్కలా మొక్కలే మొక్కలు. బయటివాళ్ళకి మాది సినిమా పాటల ఊరు. "మీకేమండీ, పూలతోటల్లో పెరిగారు" అంటారు. షూటింగులు వచ్చిన మాట నిజమే. ఒకసారి హీరోయిన్ పరుగెత్తాల్సిన దారిలో మా చామంతి మడి ఉంది. పాట అయిపోయాక తొక్కుడుపడ్డ మొక్కలన్నీ లెక్కపెట్టి డబ్బు ఇమ్మని పెదనాన్న ప్రొడక్షన్ కుర్రాడితో చీకటిపడే దాకా బేరమాడాడు. ఆ హీరోయిన్ ఎవరో నాకు గుర్తులేదు. పెదనాన్న గట్టు మీద గొంతుక్కూర్చుని ఒక్కో మొక్కనీ వేలితో చూపించడం గుర్తుంది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక పారిన కాలువ నీళ్ళు, గోదారి తెచ్చి లంకల్లో పోసిన ఒండ్రు, ఈ రెండూ లేకపోతే మా ఊళ్ళో మొక్కా లేదు, మేమూ లేము. అందుకే మా వైపు కాటన్ దొర విగ్రహం లేని సెంటరు కోసం వెతుక్కోవాలి. కాలువ నిండుగా ఉన్నన్నాళ్ళూ ఎవరికీ దిగులు లేదు. ఎండాకాలంలో మరమ్మతులకని కాలువలు కట్టేసినప్పుడే ఇంట్లో మాటలు తగ్గిపోయేవి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, రోళ్ళ సంగతి అటుంచి మా నాన్న పెదాలు పగిలేవి. బోదెలో అడుగున మిగిలిన నీళ్ళని డబ్బాలతో ముంచి, కావిడి భుజాన వేసుకుని, రోజుకి ఎన్నిసార్లు తిరిగేవాడో. డబ్బాల మూతికి చిల్లుల రేకు ఉండేది. కావిడి దించకుండానే రెండు డబ్బాలూ ఒకేసారి వంచి రెండు వరసలకి నీళ్ళు చల్లుకుంటూ నడిచేవాడు. ఆ నడకకి ఒక లయ ఉండేది. అడుగు తప్పితే ఒక వరస తడిసేది, రెండోది ఎండేది.

* * *

పొత్తు మొదలైంది 86 వరద తర్వాత. ఆ ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదారి 75.6 అడుగులకి వచ్చింది. ఆ అంకె మా ఊళ్ళో చదువురాని వాళ్ళకి కూడా నోటికి వచ్చు. ఏటిగట్టు లోపల లంకలో ఉన్న తోటలన్నీ మునిగాయి. మా మామిడి తల్లిచెట్లు రోజుల తరబడి నీళ్ళలో నిలబడ్డాయి. నీళ్ళు తీశాక మడులేవి, దారేది తెలియకుండా మోకాలి లోతు మేట. మగవాళ్ళందరూ గట్టు మీద నిలబడి అటే చూసేవాళ్ళు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడేవాళ్ళు కాదు.

తల్లిచెట్టు పోతే నర్సరీవాడి పెట్టుబడి మొత్తం పోయినట్టే. మొక్క మళ్ళీ కొనుక్కోవచ్చు, అంటుకి కొమ్మ ఇచ్చే చెట్టుని కొనలేం, పెంచుకోవాలి. అప్పుడు ఐదిళ్ళవాళ్ళు కలిశారు. పెదనాన్న రోడ్డు పక్కనున్న మెరక స్థలం ఇచ్చాడు. ఒకళ్ళు వెదుళ్ళు, ఒకళ్ళు తాటాకు, మా నాన్న ఆయిలింజను. నాలుగిళ్ళు అయ్యాయి. ఐదోది అంట్ల తాతది. ఆయనకి సెంటు భూమి లేదు, తల్లిచెట్టూ లేదు. ఉన్నది ఒక కత్తి. "నా చెయ్యి వేస్తాను" అన్నాడట. దాన్ని చేతివాటా అని పేరు పెట్టి, మిగతా నలుగురితో సమానంగా ఐదో వంతు రాశారు. ఊళ్ళో కొందరు నవ్వారు. భూమి ఇచ్చినవాడికీ కత్తి తెచ్చినవాడికీ ఒకటే వాటా ఏమిటని పెద్దమ్మ కూడా చాన్నాళ్ళు సణిగేది. ఆ పొత్తు అన్నేళ్ళు నిలబడిందంటే ఆ ఐదో వంతు వల్లేనని నా నమ్మకం. చేతులు మాత్రమే ఉన్న మనిషికి సమాన వాటా ఇచ్చాక, మిగిలినవాళ్ళు నాది ఎక్కువ నీది తక్కువ అనడానికి మొహం చెల్లలేదు.

ముందు అది షెడ్డు కాదు, తాటాకు పందిరి. లోపల వెదురు బద్దలు విల్లులా వంచి నేలలో గుచ్చి, పైన పాలిథిన్ కాగితం పరిచి, అంచుల చుట్టూ మట్టి ఎగదోసేవాళ్ళు. మా ఊరి గ్రీన్‌హౌసు అదే. మనిషి నడుము ఎత్తు కూడా ఉండదు. మందారం, నూరు వరహాలు, క్రోటన్లు, కాగితపు పూలు కొమ్మలు జానెడు ముక్కలు కోసి, అడుగుని వేళ్ళు రప్పించే సెరాడిక్స్ పొడిలో అద్ది, తడి ఇసుకలో గుచ్చి ఆ గుడారంలో మూసేసేవాళ్ళు. ఇక మూడు నాలుగు వారాలు తెరవకూడదు. లోపల ఆవిరి కాగితానికి పట్టి, బొట్లై, మళ్ళీ కొమ్మల మీదే పడేది. ఆ కొమ్మలకి వేళ్ళు లేవు కదా, తాగడానికి నోరు లేదు, అందుకని ఆకుల్లో ఉన్న నీరు పోకుండా చూడటమే దాని పని. ఇది నాకు ఏ సైన్సు మేష్టారూ చెప్పలేదు. పెద్దమ్మ కొడుకు, అంటే మా తమ్ముడు, వేళ్ళొచ్చాయో లేదో చూద్దామని ఓ మూల కాగితం ఎత్తితే తాత వాడి చెవి పట్టుకుని చెప్పాడు. నేను పక్కనుండి విన్నాను.

వేళ్ళు పట్టాక కూడా ఒక్కసారిగా తెరిచేవాళ్ళు కాదు. సాయంత్రాలు ఒక చివర కాస్త ఎత్తడం, నాలుగు రోజులకి రెండో చివర, ఆ తర్వాత రాత్రంతా. ఎండ అలవాటు చెయ్యడానికి పందిరి అంచుకి జరపడం ఆఖరి మెట్టు. తాత దాన్ని "అత్తారింటికి తయారు చెయ్యడం" అనేవాడు. నాకు చిరాకొచ్చేది గానీ ఆయన ముందు అనలేకపోయేదాన్ని.

* * *

ఐదిళ్ళ మొక్కలూ ఒకే పందిరి కింద ఉండేవి కాబట్టి గుర్తులు ఉండేవి. వరస మొదట్లో ఒక గుంజ, దాని నెత్తిన రంగు. మాది నీలం. ఎవరి వరసకి వాళ్ళు నీళ్ళు పెట్టుకోవడం కాదు, ఆ రోజు వంతు ఎవరిదైతే వాళ్ళు అందరి వరసలకీ పెట్టాలి. తన వరసకి ఎక్కువ పోసి పక్కవాడి వరసకి పైపైన చల్లి పోయినవాడి సంగతి రెండో రోజుకే ఆకులు చెప్పేసేవి. పంచాయితీలు జరిగేవి. వాటిలో సగం ఆడవాళ్ళ మధ్య, పేరు మాత్రం మగవాళ్ళది.

గుంజకి మేకు కొట్టి ఒక నోటుబుక్కు వేలాడదీసేవాళ్ళు, దారానికి పెన్సిలు. బయటికి వెళ్ళే ప్రతి మొక్కా అందులో ఎక్కాలి. గుడికి ఊరికే ఇచ్చినా, కూతురికి చీరతో పాటు గులాబీ పంపించినా రాయాల్సిందే. పెద్దమ్మ తన స్థలంలో ఉన్న పందిరి నుంచి తన ఇంటికే ఒక విరజాజి తీసుకెళ్ళి "విరజాజి ఒకటి, ఇంటికి" అని రాయించడం నేను చూశాను. రాసింది నేనే. నా దస్తూరీ బాగుంటుందని ఆ పని నాకు అప్పగించారు, తొమ్మిదో తరగతి దాకా అదే నా ఉద్యోగం.

ఇంకో ఉద్యోగం టెంకలు. మామిడి అంటుకి అడుగు మొక్క నాటు టెంకతోనే పెంచాలి. ఎండాకాలం చివర్లో ఆత్రేయపురం వైపు తాండ్ర పోసేవాళ్ళ దగ్గర టెంకలు గుట్టలు పడి ఉండేవి. అవి బండికి ఎత్తించుకుని వచ్చేవాళ్ళు. ఈగలు బండి వెంటే వచ్చేవి. పిల్లలందరం కాలవలో కడిగి, నీడలో ఆరబోసి, మడిలో వంపు కిందికి వచ్చేలా పరిచేవాళ్ళం. ఆలస్యం చేస్తే మొలకెత్తే శక్తి పోతుంది, అందుకని ఆ వారం బడి ఉన్నా లేనట్టే. మొలక పైకొచ్చినప్పుడు ఆకులు రాగి రంగులో, ముట్టుకుంటే చల్లగా, మెత్తగా ఉండేవి. ఇప్పటికీ మామిడి చిగురు ఎక్కడ కనిపించినా రెండు వేళ్ళ మధ్య పెట్టి చూడకుండా దాటలేను.

* * *

కవర్లు నింపడం ఆడవాళ్ళ పని. నల్ల పాలిథిన్ కవర్లు రాకముందు కుండీల్లోనూ, మట్టి ముద్దకి వరిగడ్డి చుట్టీ ఇచ్చేవాళ్ళని పెదనాన్న చెప్పేవాడు. నాకు తెలిసేసరికి కవర్లు వచ్చేశాయి. మెట్ట నుంచి ఎర్రమట్టి, లంక ఒండ్రు, గెత్తం కలిపి జల్లెడ పట్టి గుట్ట పోసేవాళ్ళు. ఆ గుట్ట చుట్టూ దుళ్ళ నుంచి, వీరవరం నుంచి వచ్చిన ఆడవాళ్ళు పీటలేసుకుని కూర్చునేవాళ్ళు. కవరు ఊది తెరవడం, అడుగు మూలలు రెండూ లోపలికి నొక్కడం, గుప్పెళ్ళతో మట్టి, నేలకేసి రెండు దెబ్బలు, మళ్ళీ మట్టి, మళ్ళీ ఒక దెబ్బ. పదిమంది కలిస్తే ఆ చప్పుడు మా ఇంటి అరుగు దాకా వినిపించేది. మూలలు నొక్కకపోతే కవరు నిలబడదు, పక్కకి ఒరిగిపోతుంది. నింపిన కవరు చూసి ఎవరు నింపారో పెద్దమ్మ చెప్పేసేది.

వందకి ఇంత అని లెక్క. మట్టిలో వేళ్ళ సందులు ఒరిసిపోయి పగిలేవి, రాత్రి ఆముదం రాసుకునేవాళ్ళు. మధ్యలో రేడియో. పాటలొస్తే చేతులు జోరందుకునేవి, పాడిపంటలు కార్యక్రమం వస్తే మాత్రం ఒకావిడ లేచి గొంతు తగ్గించేది. "మనకి వీళ్ళు చెప్పేదేంటమ్మా" అనేది. నాకు అప్పుడు అది నవ్వులాటగా ఉండేది. అక్కడ పీట మీద కూర్చున్నవాళ్ళకి పొత్తులో వాటా లేదన్న సంగతి నాకు చాలా ఏళ్ళు తట్టనే లేదు. చేతివాటా అన్నది కత్తి పట్టిన చేతికే గానీ మట్టి పట్టిన చేతికి కాదు.

* * *

అంట్ల తాత కత్తి చిన్నది, కర్ర పిడి, మడత కత్తి. పొద్దున్నే బండమీద నాలుగు చుక్కల నీళ్ళు పోసి నూరి, ముంజేతి వెంట్రుకల మీద పదును చూసుకునేవాడు. అందుకే ఆయన ఎడమ ముంజేయి ఎప్పుడూ నున్నగా ఉండేది.

గాలి అంటు కట్టడానికి ఆయన తొలకరి దాకా ఆగేవాడు. మృగశిర వానలు పడి, కొమ్మల్లో పాలు ఆడటం మొదలవ్వాలి. పెన్సిలు లావు కొమ్మ ఎంచుకుని, ఆకులు దులిపి, కత్తితో చుట్టూ ఒక గీత, అంగుళం కింద ఇంకో గీత, రెంటినీ కలుపుతూ నిలువుగా ఒకటి. గోరుతో మీటితే బెరడు గాజులా ఊడి వచ్చేసేది. అందరూ అక్కడితో ఆగుతారు. తాత కత్తి వెనక్కి తిప్పి, ఆ తెల్లటి కొయ్య మీదున్న జిగురుని మెల్లగా గీకేవాడు. ఆ జిగురు ఉంచేస్తే పైబెరడూ కిందబెరడూ మళ్ళీ కలిసిపోతాయి, వేరు రాదు. తర్వాత నానబెట్టిన నాచుని పిండి (నీళ్ళు కారకూడదు, తడి పోకూడదు, ఆ మధ్యలో ఎక్కడో ఆగాలి) ఆ గాయం చుట్టూ పొదిగి, పాలిథిన్ ముక్క చుట్టి, రెండు చివరలా నానిన అరటినారతో బిగించేవాడు. ఇదంతా నేను చెప్పినంతసేపు పట్టేది కాదు. ఒక చెట్టుకి నలభై యాభై తెల్లమూటలు వేలాడేవి. నెలా నెలన్నరకి ఆ మూటల్లో కాగితానికి ఆనుకుని తెల్లటి వేళ్ళు కనిపించేవి. అప్పుడు కూడా ఒకేసారి కొయ్యకుండా ముందు సగానికి గాటు పెట్టి, వారం ఆగి, మిగతాది.

మామిడికి మాత్రం వేరే తంతు. తల్లిచెట్టు చుట్టూ వెదురు మంచెలు కట్టి, కుండీల్లో పెంచిన టెంక మొక్కల్ని కొమ్మల ఎత్తుకి ఎక్కించాలి. టెంక మొక్క నుంచి ఒక చెక్క, కొమ్మ నుంచి ఒక చెక్క, ఒకే పొడుగున చెక్కి రెండు గాయాల్నీ ఒకదానికొకటి ఆనించి నారతో కట్టెయ్యడం. అవి కలవడానికి రెండు మూడు నెలలు. అన్నాళ్ళూ మంచె మీదున్న కుండీలన్నిటికీ ఎక్కి నీళ్ళు పొయ్యాలి. పొత్తుకి మళ్ళీ తల్లిచెట్టు అన్నది ఏర్పడటానికే కొన్నేళ్ళు పట్టింది. మొదటి కొత్తపల్లి కొబ్బరి మామిడి చెట్టు చుట్టూ మంచె కట్టిన రోజు ఐదిళ్ళవాళ్ళం పరమాన్నం వండుకున్నాం. ఇప్పుడు మామిడికి ఇంత తతంగం చేసేవాళ్ళు తక్కువ. లేత మొక్కకే పుల్ల తెచ్చి కట్టేస్తున్నారు, మంచె అక్కర్లేదు. పని తేలిక, మొక్క కూడా బాగానే వస్తుంది. ఆ విషయంలో పాతదే గొప్పని నేను అనను.

* * *

లారీలకి సరుకెత్తే పెద్ద నర్సరీలు అప్పటికే ఉన్నాయి. మా పొత్తు మొక్కలు మాత్రం చాలావరకు చుట్టుపక్కలకే. రాజమండ్రి నుంచి ఆదివారాలు టీచర్లు, రైల్వేవాళ్ళు, బ్యాంకువాళ్ళు సైకిళ్ళేసుకుని వచ్చేవాళ్ళు. అటు ద్వారపూడి వైపు వాళ్ళు పాసింజరులో కడియం స్టేషన్లో దిగి, రిక్షాలో వచ్చి, మళ్ళీ ఒళ్ళో రెండు గులాబీలు పెట్టుకుని రైలెక్కేవాళ్ళు. ముళ్ళు గుచ్చుకున్న పక్కసీటు వాళ్ళతో వాళ్ళ గొడవలు మాకు వచ్చేవారం తెలిసేవి. ఒక లెక్కల మేష్టారు ప్రతి నెలా వచ్చి గంటసేపు అన్ని వరసలూ చూసి ఒక కనకాంబరం కొనేవారు. ఇంటి దగ్గర చోటు లేదని మాకు తెలుసు. టీ మాత్రం ఇచ్చేవాళ్ళం.

అమ్మడం కూడా తాతే చేసేవాడు, అమ్మడం అనాలో లేదో. ఎవరైనా కాగితపు పూల మొక్క అడిగితే "మీ ఇంటికి ఎండ ఎటొస్తదండి?" అని మొదలుపెట్టేవాడు. ఎండ రాదంటే ఇచ్చేవాడు కాదు. డబ్బు చేతిలో పట్టుకుని నిలబడ్డ మనిషిని వెనక్కి పంపితే పెదనాన్నకి ఒళ్ళు మండేది. "ఆయ్, రేపు పూయలేదని మన పేరే కదా చెప్పేది" అనేవాడు తాత. సపోటా కొన్నవాళ్ళకి చెప్పే మాట అయితే మాకందరికీ కంఠతా: "ఇది పాల మొక్క మీద కట్టిందండి. ఈ ముడి కింద నుంచి చిగురొస్తే గిల్లెయ్యండి. జాలిపడి ఉంచేరా, మీరు పెంచేది సపోటా కాదు, పాలచెట్టు. ముడి మట్టిలో పూడ్చకండి." మామిడికి మొదటి రెండేళ్ళు పూత దులిపెయ్యమనేవాడు. ఆ మాట వినేవాళ్ళు తక్కువ. ఎవరికి మనసొప్పుతుంది, మొదటి పూత దులపడానికి!

ఒకాయన తన మొక్కలు నాలుగూ చచ్చిపోయాయని గొడవకి వచ్చాడు. తాత సైకిలెక్కి వాళ్ళ ఊరెళ్ళి, తవ్వి చూస్తే, కవరు చింపకుండా కవరుతోనే పాతేశాడు. ఇంకొకరైతే ఊరంతా చెప్పి నవ్వించేవారు. తాత ఏమీ అనకుండా మర్నాడు నాలుగు మొక్కలు తీసుకెళ్ళి తనే పాతి వచ్చాడు. నోటుబుక్కులో "నాలుగు, తాత పద్దు" అని రాయించుకున్నాడు. ఆ డబ్బు ఆయన వాటాలోంచి పట్టుకున్నారు, ఎవరూ వద్దనలేదు. నాకు ఇప్పటికీ కొరుకుడుపడని సంగతి అది.

* * *

96 నవంబరు తుఫానుకి కోనసీమ కొబ్బరితోటలు నేలకూలాయి. మాకు సముద్రం దూరం కాబట్టి ప్రాణాల మీదికి రాలేదు గానీ పందిరి లేచిపోయింది. తెల్లవారి చూస్తే తాటాకులు రోడ్డవతల బోదెలో ఉన్నాయి. ఆకు మళ్ళీ కప్పిస్తే చెదలు, ఏటేటా ఖర్చు అని, ఆ మరుసటి ఏడు పచ్చ నెట్టు వేశారు. ఇనుప తీగ, సరుగుడు గుంజలు, కుట్టు వేసిన నెట్టు. అప్పటినుంచే అది పొత్తు షెడ్డు అయింది.

తాతకి నచ్చలేదు. తాటాకు కింద ఎండ చిల్లులు చిల్లులుగా పడి, పొద్దు నడిచే కొద్దీ మొక్క మీంచి మొక్క మీదికి నడిచేది. నెట్టు కింద ఎప్పుడు చూసినా ఒకటే వెలుతురు, పొద్దెక్కిందో వాలిందో తెలిసేది కాదు. మొక్కలు మాత్రం నెట్టు కిందే బాగా వచ్చాయి, అది ఆయనా ఒప్పుకున్నాడు. వేసవి మధ్యాహ్నం లోపలికెళ్తే తడి ఆవిరికి ఊపిరి ఆడేది కాదు. కవర్లు నింపే ఆడవాళ్ళు గంటకోసారి బయటికొచ్చి కొంగుతో విసురుకునేవాళ్ళు.

తర్వాత కథ చాలామందికి తెలిసిందే. కలకత్తా, మద్రాసు హైవేని నాలుగు వరసలు చేశారు. షెడ్డు ఉన్న స్థలం కొలతల్లో పోయింది. స్థలానికి పరిహారం పట్టా ఉన్నవాళ్ళకి వస్తుంది కదా, పట్టా పెదనాన్న పేర ఉంది. ఐదు వాటాలు చెయ్యాలా, ఒకటే వాటానా అన్న దగ్గర పొత్తు విరిగింది. నోటుబుక్కులో మొక్కల లెక్క ఉంది గానీ భూమి లెక్క ఎవరూ రాసుకోలేదు. ఎవరు ఏమన్నారో ఇక్కడ రాయను, అందరూ మావాళ్ళే. తాత మాత్రం తన వంతు అడగలేదు. ఆ తర్వాత ఆయన రోజు కూలికి అంట్లు కట్టాడు, కళ్ళు ఆనినంత కాలం.

* * *

భోజనాలయ్యాక తమ్ముడు తన నర్సరీ చూపించాడు. నీళ్ళని మంచులా చల్లే ఫాగర్లు, డ్రిప్పు, టైమరు. తన చేత్తో కట్టిన అంటు ఒక్కటీ లేదు. థాయిలాండ్ నుంచి, చైనా నుంచి కంటైనర్లలో వచ్చిన చెట్లు, వాటిలో కొన్ని మనిషి నడుమంత లావు. మహారాష్ట్రకీ, గుజరాత్‌కీ లారీలు వెళ్తాయి. కొనేవాడు ఫోన్లో వీడియో చూసి డబ్బు వేసేస్తాడు. కొత్త సంవత్సరానికి మొక్కలతో అంకెలు పేర్చి ఫొటోలు తీయిస్తారు, పేపర్లో పడతాయి. 2020లో లాక్‌డౌన్ అప్పుడు లారీ కదలక మొక్కలు కవర్లు చించుకుని నేలలోకి వేళ్ళు దించేశాయని, పీకితే సగం చచ్చాయని చెప్పాడు. "టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదక్కా, లోన్లు కదా."

"అప్పట్లో షెడ్డుకి లోనే లేదు కదరా" అన్నాను.

వాడు నవ్వి ఊరుకున్నాడు. పెద్దమ్మ ఊరుకోలేదు. "నీకేమే, పుస్తకంలో రాస్తూ కూర్చున్నావు. రాత్రి రెండింటికి కరెంటొస్తే లేచి నీళ్ళు పెట్టింది నేను. ఆ షెడ్డులో ఉడికి ఉడికి నా చర్మం చూడు." చెయ్యి చాపింది. వేళ్ళ సందుల్లో పగుళ్ళు గీతలుగా నల్లగా ఉండిపోయాయి. "ఫాగరు పెట్టేడు నా కొడుకు. బటన్ నొక్కితే అయిపోద్ది. అప్పుడే ఉంటే నేను ఇంకో పదేళ్ళు నిలబడి నడిచేదాన్ని."

నేనేం మాట్లాడలేదు. కవర్లు నింపడానికి ఇప్పుడు ఎవరు వస్తున్నారని అడిగాను, మాట మార్చడానికి. పాతవాళ్ళ కూతుళ్ళే కొందరు వస్తున్నారట, కొందరు వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళట. వందకి ఎంత ఇస్తున్నారో కూడా చెప్పింది. ఎక్కువే. చాలదని ఆవిడే అంది.

తాత కత్తి ఏమైందని కూడా అడిగాను. మనవడి దగ్గర ఉందట, ఆ కుర్రాడు రాజమండ్రిలో ఏసీ మెకానిక్కు. వైర్లు చెక్కడానికి బాగుందని పనికి తీసుకెళ్తున్నాడట. పిడి మార్పించాడని తెలిసి పెద్దమ్మ వాణ్ణి తిట్టిందట గానీ, పదును మాత్రం పోనివ్వలేదని తనే మెచ్చుకుంది.